చప్పుడు లేని బండి

ఆ కారు కొన్ననాటి నుంచి నేను నిశ్చింతగా ఒక్క ప్రయాణం చేసి ఎరగను. సెకండ్ హ్యాండ్ హైబ్రిడ్ కారు అది. ముందు పెట్రోలు ఇంజను ఉంటుంది, వెనక సీటు కింద పెద్ద బ్యాటరీ ఉంటుంది. ఎప్పుడు దేనితో నడవాలో బండే చూసుకుంటుంది. మనల్ని అడగదు, మనకు చెప్పదు. హైదరాబాదులో ఒకాయన కొన్నేళ్లు వాడి అమ్మితే కరీంనగర్ తెచ్చుకున్నాను. తెచ్చిన సాయంత్రమే మా గల్లీలో వాళ్లంతా వచ్చి, చుట్టూ తిరిగి చూసి, తలా ఒక పిడుగు నా నెత్తిన వేసి పోయారు. "గీ బ్యాటరీ పోయిందనుకో, బండి పోయినట్టే" అన్నారొకరు. "వానకాలం నీళ్లల్ల దిగితే షాక్ గొడ్తదట" అన్నారింకొకరు. ఎదురింటాయన మాత్రం పెదవి విరిచి పోయాడు. అన్నిటికన్నా ఆ విరుపే నాకు ఎక్కువ భయం పుట్టించింది.

అసలే నేను పిరికిదాన్ని. గ్యాస్ కట్టేశానో లేదో చూడ్డానికి బస్టాండు దాకా పోయి వెనక్కి వచ్చే రకం. అలాంటిదాన్ని ఈ బండి జోలికి ఎందుకు పోయానంటే, ఉద్యోగం అలా వచ్చి పడింది. ఇల్లేమో కరీంనగర్‌లో, బదిలీ ఏమో ఆదిలాబాద్‌కు. సోమవారం పొద్దున్నే పోవాలి, శుక్రవారం సాయంత్రం రావాలి. నా మటుకు నేనైతే బస్సెక్కి కూర్చునేదాన్ని. కానీ ఇంట్లో ఉండేది నేనూ మా బాపూ, తండ్రీకూతుళ్లం ఇద్దరమే. ఆయనకు చెవులు దాదాపుగా వినబడవు. కుక్కర్ ఎన్ని కూతలు పెట్టినా, తలుపు ఎవరు బాదినా తెలియదు. ఒక్కణ్ణి వదిలిపెట్టి పోతే నా ప్రాణం ఇక్కడే ఉంటుంది, ఒళ్లు మాత్రం ఆఫీసులో ఉంటుంది. అందుకని వారం వారం ఆయన్నూ వెంటబెట్టుకుని తిరగాలనుకున్నాను. బస్సుల్లో అంత దూరం ఆయన నడుం ఆగదు. మామూలు కారైతే పెట్రోలు బంకు వాళ్లు బాగుపడతారు తప్ప మేం బాగుపడం. హైబ్రిడ్ అయితే మైలేజీ బాగా ఇస్తుందని ఆఫీసులో ఎవరో అంటే, భయపడుతూనే కొన్నాను.

బాపు చెవులు సిరిసిల్లలో పోయాయి. వయసంతా పవర్‌లూమ్ షెడ్డులోనే గడిపిన మనిషి. ఆ మగ్గాల మధ్య నిలబడితే పక్కవాడు అరిచినా వినబడదు. అక్కడ అందరూ చేతులతో, పెదాలతో మాట్లాడుకుంటారు. నేను అన్నం ముద్దలతో పాటు మింగుతూ పెరిగిన సూత్రాలు రెండున్నాయి, రెండూ ఆయనవే. ఒకటి, మగ్గం చప్పుడు ఆగాకనే అందులో చెయ్యి పెట్టాలి. చెవులు మందగించాక ఆయన ఈ సూత్రాన్ని కొంచెం మార్చుకున్నాడు. మగ్గం చట్రం మీద అరచెయ్యి పెట్టి చూసేవాడు. అదురు ఉంటే నడుస్తున్నట్టు, లేకపోతే బంద్ అయినట్టు. ఆ అరచేతిని నమ్ముకుని అన్నేళ్లు పని చేసి, పది వేళ్లతో ఇంటికి వచ్చాడు. రెండోది, ఎవరి చెయ్యయినా మిషన్‌లో పడితే మనిషి దగ్గరికి పరుగెత్తకూడదు, స్విచ్ దగ్గరికి పరుగెత్తాలి. "మనిషి మొకం సూస్తె కాళ్లు ఆడయి బిడ్డా, స్విచ్ సూడు" అనేవాడు. చిన్నప్పుడు ఇది విని నేను చాలాసార్లు భయపడి ఏడ్చానట.

కారు వచ్చిన మర్నాడే ఒక తమాషా జరిగింది. నేను బండి స్టార్ట్ చేసి కూర్చున్నాను. మీటర్ల పక్కన పచ్చ దీపం వెలిగింది. అది వెలిగితే బండి సిద్ధంగా ఉన్నట్టు. ఇంజను తిరగకపోయినా సరే, తొక్కితే కదులుతుంది. బాపు బానెట్ మీద అరచెయ్యి ఆనించి, కాసేపు ఉంచి, "బంద్ ఉన్నది, స్టార్ట్ జెయ్యి" అన్నాడు గట్టిగా. చెవులు పోయినప్పటి నుంచి ఆయన మాట్లాడితే గల్లీ చివర దాకా వినబడుతుంది. నేను నవ్వి, ఆయన్ను ఎక్కించుకుని, చడీచప్పుడు లేకుండా బండిని ముందుకు పోనిచ్చాను. ఆయన నోరు తెరిచి నావైపు చూశాడు. అదంతా నేనేదో గారడీ చేశాననుకున్నాడు తప్ప, తన అరచెయ్యి తప్పు చెప్పిందనుకోలేదు. నేనూ అక్కడితో మరిచిపోయాను.

బండి ఎలా చూసుకోవాలో నాకు నేర్పినాయన కరీంనగర్‌లోనే ఉండే ముస్లిం మెకానిక్. మాటకు ముందు ఓ నవ్వు, మాట తర్వాత ఓ నవ్వు. వెనక సీటు పక్కన గాలి పోయే చిన్న జాలీ చూపించి, "మేడం, బ్యాటరీ గీడికెంచే ఊపిరి దీస్కుంటది. లోపల దుమ్ము జమైతె గర్మీకి ఖరాబైతది. గీ ఫిల్టర్ దీసి నెలకోపాలి సాఫ్ జెయ్యుండ్రి" అన్నాడు. టైర్లలో గాలి తగ్గనీయొద్దన్నాడు. యాక్సిలరేటర్ మీద కాలు జర నాజూకుగా పెట్టమన్నాడు. బ్రేకు చివరి నిమిషంలో కొట్టకుండా ముందు నుంచే మెల్లగా వేస్తే ఆ వేగమంతా కరెంటై బ్యాటరీలోకి పోతుందని చెప్పాడు. "మరి బ్యాటరీ పోతే?" అన్నాను. "ఫికర్ జెయ్యకుండ్రి, గిప్పుడే పోదు" అన్నాడు. 'గిప్పుడే' అన్న మాట పట్టుకుని ఆ వారమంతా నాకు నిద్ర లేదు.

ఫిల్టర్ దులిపే పని బాపు తీసుకున్నాడు. మగ్గాల మీది నూలుదుమ్ము తుడిచిన చేతులు కదా, మెత్తటి బ్రష్షుతో ఆ జాలీని పసిపాపకు స్నానం చేయించినట్టు శుభ్రం చేసేవాడు. నేను డ్రైవింగ్ సంగతి చూసుకున్నాను. జగిత్యాల, మెట్‌పల్లి, ఆర్మూర్ మీదుగా పోయే దారిలో ఎక్కడ కాలు తీస్తే బండి తనంతట తాను జారుతుందో, ఎక్కడ ఏ ఊరి స్పీడ్ బ్రేకర్లకు ముందే మెల్లబడాలో నాకు కంఠతా వచ్చేసింది. తెర మీద మైలేజీ అంకె కొంచెం పెరిగితే చాలు, పరీక్ష పాసైనంత సంతోషం. ఆ సంతోషం కూడా ఎక్కువసేపు నిలిచేది కాదు. బండి బ్యాటరీ మీద పోతున్నప్పుడు చప్పుడు ఉండదు. ఊళ్లలో రోడ్డు మీద మక్కజొన్నలు ఎండబోసుకునే ఆడవాళ్లు, అడ్డంగా నడిచే మేకలు, ఎవరూ తల తిప్పి చూసేవాళ్లు కాదు. మరీ దగ్గరికి పోయాక చూసి ఉలిక్కిపడి తిట్టేవాళ్లు. వెనక సీట్లో బొంత మీద ఒరిగి కూర్చున్న మా బాపు లోకం కూడా ఇలాగే ఉంటుందేమో, అన్నీ చెప్పాపెట్టకుండా మీదికి వచ్చేస్తాయేమో అనుకునేదాన్ని.

ఆ బొంత సంగతి చెప్పాలి. మా అవ్వ, అంటే మా అమ్మ, తన పాత చీరలతో కుట్టిన బొంత అది. అవ్వ పోయాక బాపు దాన్ని వదిలి ఉండడు. నడుం కింద మెత్తగా ఉంటుందని వెనక సీటు మీద దాన్నే పరుచుకునేవాడు.

ఎండాకాలం నడిమధ్యలో ఒక సోమవారం బయల్దేరేసరికే ఆలస్యమైంది. సోన్ దగ్గర గోదావరి వంతెన దాటేసరికి ఎండ మండిపోతోంది. ఇసుక తప్ప నీళ్లు కనబడలేదు. నిర్మల్ దాటి ఘాట్ ఎక్కుతుంటే వెనక సీటు పక్క నుంచి గాలి పీలుస్తున్న చప్పుడు మొదలైంది. బ్యాటరీ ఫ్యాన్ అది. అప్పుడప్పుడు సన్నగా వినబడేదే, ఆ రోజు మాత్రం హోరుమంటోంది. చుట్టూ అడవి, ముందు లారీ, వెనక లారీ. ఆగడానికి లేదు. ఆగితే మళ్లీ కదులుతుందో లేదో తెలియదు. మైలేజీ అంకె చూసే అలవాటున్న కళ్లు ఈసారి దాని పక్కన ఎర్ర త్రికోణం వెలగడం చూశాయి. దేవుళ్లందరికీ మొక్కుకున్నాను, గల్లీలో పెదవి విరిచినాయన్ను తిట్టుకున్నాను.

ఘాట్ దిగాక రోడ్డు పక్కన ఒక చాయ్ హోటల్ ముందు బండిని నీడకు ఆపాను. బాపు అప్పటికే లేచి నా మొహం చూస్తున్నాడు. చెవులు లేని మనిషికి మొహాలు చదవడం బాగా వస్తుంది. "ఏమైంది?" అన్నాడు. బ్యాటరీ వేడెక్కిందని చెప్పడానికి నేను సీటు వైపు చూపించి, నా నుదుటి మీద చెయ్యి పెట్టి, జ్వరం అన్నట్టు సైగ చేశాను. ఆయన తల ఊపాడు. లోపలే కూర్చోమని సైగ చేసి, ఏసీ నడవనిచ్చి, బండి బంద్ చేయకుండానే దిగాను. ఇంజను ఆగి ఉన్నా ఏసీ నడుస్తుంది కదా, ముసలాయన ఉడికిపోకుండా ఉంటాడని నా లెక్క. కారు దగ్గర ఫోను పలకడం లేదు. హోటల్ అవతల, రోడ్డు వారగా ఉన్న మెట్ట మీదికి పోతే సిగ్నల్ దొరికింది.

మెకానిక్ ఫోనెత్తాడు. "మేడం, పరేషాన్ గాకుండ్రి. బంద్ జెయ్యకుండ్రి. ఏసీ నడ్వనియ్యుండ్రి, లోపలి గాలి సల్లగైతె బ్యాటరీ సల్లవడ్తది. జాలీ మీద ఏమన్న అడ్డం ఉన్నదా సూడుండ్రి" అన్నాడు. సరేనంటూ వెనక్కి తిరిగాను. కారు బానెట్ ఎత్తి ఉంది.

ఆ ఘాట్ రోడ్డు మీద ఎండాకాలంలో ఎవరి బండి ఆగినా చేసేది ఒకటే. బానెట్ ఎత్తుతారు, రేడియేటర్ మూత తిప్పుతారు, నీళ్లు పోస్తారు. నేను నుదుటి మీద చెయ్యి పెట్టి జ్వరమన్నాను. జ్వరానికి ఏం చేయాలో బాపుకు తెలుసు. హోటల్ ముందున్న బిందెలోంచి చెంబుతో నీళ్లు తెచ్చుకుని పక్కన పెట్టుకున్నాడు. అరచెయ్యి బండి అంచు మీద ఆనించి, కాసేపు ఉంచాడు. అదురు లేదు. మెడలోని తువ్వాల తీసి కుడిచేతికి చుట్టుకుని, రెండో కొస వేలాడుతుండగా, లోపలికి వంగాడు.

"బాపూ!" అని అరిచాను. నా గొంతు ఎంత లేస్తుందో నాకే తెలియదు, ఆ రోజు తెలిసింది. హోటల్లో వాళ్లంతా తిరిగి చూశారు. లారీ డ్రైవర్ ఒకాయన చాయ్ గ్లాసు పట్టుకుని లేచి నిలబడ్డాడు. అందరికీ వినబడింది, ఒక్క ఆయనకు తప్ప. ఆ బండిలో బ్యాటరీ తగ్గితే ఇంజను దానంతట అదే అందుకుంటుంది. ఏసీ నడుస్తోంది, బ్యాటరీ తగ్గుతోంది. అది ఏ క్షణమైనా కావచ్చు. మూత తిప్పితే సలసల కాగే నీళ్లు మొహాన కొడతాయి. పక్కనే బ్యాటరీ కరెంటు పారే కాషాయ రంగు తీగలు, వాటి జోలికి పోవద్దని మెకానిక్ నాకు దండం పెట్టి చెప్పినవి. ఆ చెంబెడు నీళ్లు వాటి మీద పడితే? చెప్పులు ఎక్కడ వదిలేశానో తెలియదు. పరుగెత్తాను.

నేను ఇంకా దూరంగా ఉండగానే ఇంజను అందుకుంది. బండి ఒళ్లంతా ఒక్కసారి అదిరింది. రేడియేటర్ వెనక ఫ్యాన్ గిర్రున వేగం అందుకుని, వేలాడుతున్న తువ్వాల కొసను లోపలికి లాక్కుంది. చేతికి చుట్టుకున్నది బిగుసుకుంది. బాపు ఒళ్లు ముందుకు తూలింది. ఆయన అరవలేదు. చెయ్యి వెనక్కి గుంజుకుంటున్నాడు, అది రావడం లేదు.

నా ఒళ్లంతా ఆయన వైపే ఉరికింది. ఆ చెయ్యి పట్టుకుని లాగేయాలని, నడుం పట్టుకుని లాగేయాలని. కానీ కాళ్లు మాత్రం ఆయన్ను దాటుకుని పోయాయి. ఆయన మొహం వైపు చూడలేదు. చూసి ఉంటే నిలబడిపోయేదాన్ని. తలుపు తెరిచి, లోపలికి పడిపోయినట్టుగా వాలి, స్టార్ట్ మీట నొక్కాను. పచ్చ దీపం ఆరింది. ఫ్యాన్ కీచుమని ఆగింది. అప్పుడు నాకు బయటికి రావాలనిపించలేదు. బానెట్ అవతల ఏముందో చూడాలంటే భయమేసింది. ఆ సీటులోనే ఉండిపోతే ఏమీ జరగనట్టే ఉంటుందనిపించింది.

"బిడ్డా" అన్నాడు బాపు, అవతల నుంచి. అంత పెద్ద గొంతు మనిషి అంత మెల్లగా మాట్లాడగలడని నాకు తెలియదు.

తువ్వాల సగం చిరిగి ఫ్యాన్‌లో ఇరుక్కుంది. మిగతా సగం ఆయన మణికట్టు చుట్టూ తాడులా బిగిసి ఉంది. వేళ్ల కణుపుల మీద చర్మం లేచిపోయి నెత్తురు కారుతోంది. వేళ్లన్నీ ఉన్నాయి. ఒక్కొక్కటీ పట్టుకుని చూశాను. మూత అలాగే ఉంది, చెంబులో నీళ్లు అలాగే ఉన్నాయి. హోటలామె "కాయ్ ఝాలా, ఏమైందమ్మా" అంటూ పసుపు పట్టుకొచ్చింది. మెడలోనే ఉండాల్సిన తువ్వాల అది. చేతికి చుట్టుకోకుండా మెడలోనే ఉంచుకుని వంగి ఉంటే?

భయం తగ్గకముందే కోపం వచ్చింది నాకు. నా సంగతే అంత. "ఎవలు జెయ్యమన్నరు నిన్ను? కూసోమన్ననా లేదా?" అని చేతులు ఊపుతూ, ఏడుస్తూ అందరి ముందు ఆయన మీద విరుచుకుపడ్డాను. ఆయన నా పెదాల వైపు కూడా చూడలేదు. పసుపు అద్దిన చెయ్యి తిప్పి, అరచేతినే చూసుకుంటున్నాడు.

"చెయ్యి పెట్టి సూసిన బిడ్డా" అన్నాడు. "బంద్ ఉండె."

నేను కళ్లు తుడుచుకుని బండి వైపు తిరిగాను.

వెనక తలుపు తీసి చూస్తే, బొంత సీటు మీంచి జారి జాలీ మీద దట్టంగా పడి ఉంది. మెకానిక్ అడిగిన అడ్డం అదే. దాన్ని మడిచి నా పక్క సీట్లో పెట్టాను. లారీ డ్రైవర్ ఫ్యాన్‌లోని గుడ్డపేలికలు తీసి ఇచ్చాడు. కాసేపయ్యాక బండి మళ్లీ అందుకుంది, ఎర్ర త్రికోణం రాలేదు. అన్నాళ్లూ నేను పాటించిన నాజూకుతనమంతా మరిచి, ఆదిలాబాద్ దాకా ఇంజను గట్టిగా చప్పుడయ్యేట్టు తొక్కుకుంటూ పోయాను. మైలేజీ అంకె పడిపోతుంటే మొదటిసారి నాకు హాయిగా అనిపించింది.

గాయం తొందరగానే మానింది. మనిషి మాత్రం బెదిరిపోయాడు. ఇంట్లో మిక్సీ దగ్గరికి రాడు, ఫ్రిజ్ తలుపు తీయడు. టేబుల్ ఫ్యాన్ తిరగకుండా ఉంటే దూరం నుంచి చూసి, "గిది బంద్ ఉన్నదా?" అని నన్ను అడుగుతాడు. అన్నేళ్లు మగ్గాల మధ్య బెదరని మనిషి. ఫిల్టర్ దులపడం కూడా మానేశాడు. ఆయన్ను అలా చూస్తుంటే నాకు ఘాట్ మీది కన్నా ఎక్కువ భయమేసేది. ఒకరోజు చెయ్యి పట్టుకుని బండిలో ముందు సీట్లో కూర్చోబెట్టి, పచ్చ దీపం వెలిగించి చూపించాను. ఆర్పి చూపించాను. మళ్లీ వెలిగించి, ఆయన అరచేతిని డాష్‌బోర్డు మీద పెట్టించాను. అదురు లేదు, దీపం ఉంది. చాలాసేపు చూశాడు. "అయితే చెయ్యిని కాదు, దీపాన్ని నమ్మాలె" అన్నాడు. మింగుడుపడని మందు మింగినట్టు మొహం పెట్టాడు గానీ, ఆ తర్వాతి ఆదివారం తానే బ్రష్షు పట్టుకొచ్చాడు. ఇప్పుడు ఎక్కడ ఆగినా, ఎండైనా ఉక్కపోతైనా, బండి పూర్తిగా బంద్ చేసి తాళంచెవి ఆయన చేతిలో పెట్టాకే దిగుతాను. "పచ్చ దీపం పోయింది" అని రోడ్డు మీద అందరికీ వినబడేలా ప్రకటించాక ఆయన దిగుతాడు.

మొన్న ఒక మధ్యాహ్నం కరీంనగర్‌లో, నేను బట్టలు ఆరేసి లోపలికి వచ్చేసరికి బాపు బొంత మీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. నోరు కొంచెం తెరిచి ఉంది. గురక లేదు. మామూలుగా అయితే ఆయన గురక వంటింట్లోకి వినబడుతుంది. గడప దగ్గరే ఆగిపోయాను. పిలిచి లాభం లేదు, వినబడదు. ఛాతీ కదులుతోందో లేదో చొక్కా మీంచి తెలియలేదు. దగ్గరికి పోయి, మోకాళ్ల మీద కూర్చుని, ఆయన గుండె మీద అరచెయ్యి పెట్టాను. ఏమీ తెలియలేదు. నా చెయ్యే వణుకుతోంది. ఇంకొంచెం అదిమి పెట్టాను. అప్పుడు అడుగున ఎక్కడో, మెల్లగా, అదురు తగిలింది.

బాపు కళ్లు తెరిచాడు. ముందు నా చేతిని చూశాడు, తర్వాత నా మొహాన్ని. ఎందుకు పెట్టానో ఆయనకు వేరే చెప్పాల్సిన పని లేకపోయింది.

"బంద్ గాలే బిడ్డా" అన్నాడు, గల్లీ చివర దాకా వినబడేలా. "పచ్చ దీపం ఉన్నది."

ఆ తర్వాత కూడా చాలాసేపు నాకు చెయ్యి తీయబుద్ధి కాలేదు.